నాళం దాటని క్యాన్సర్, నాళం దాటిన క్యాన్సర్

(పాథాలజీ, బయోటెక్నాలజీ పీజీ విద్యార్థులకు ఇచ్చిన ఉపన్యాసం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే. ముందు వరసల్లో పాథాలజీ వాళ్లు ఉన్నారు, వెనక బయోటెక్నాలజీ పిల్లలు ఉన్నారు. పాథాలజీ వాళ్లకు మొదట్లో చెప్పేది తెలిసిన సంగతే, కాస్త ఓర్చుకోండి. తర్వాత వెనక వరసల వాళ్లు ఓర్చుకోవాల్సి వస్తుంది, లెక్క సరిపోతుంది.

ఇద్దరు ఆడవాళ్లను ఊహించుకోండి. ఇద్దరికీ మామోగ్రాంలో సన్నటి సున్నపు చుక్కలు కనబడ్డాయి. ఇద్దరికీ సూది బయాప్సీ చేశారు. రిపోర్టు ఒకటే: డీసీఐఎస్. డక్టల్ కార్సినోమా ఇన్ సిటూ, అంటే పాలనాళం లోపలే ఉండిపోయిన క్యాన్సర్. ఏ వైద్యమూ చేయకుండా వదిలేస్తే వీళ్లలో ఒకరికి అది జీవితాంతం అక్కడే పడి ఉండొచ్చు. ఇంకొకరికి కొన్నేళ్లకు నాళం దాటి ఇన్వేసివ్ (చుట్టూ ఉన్న కణజాలంలోకి చొచ్చుకుపోయేది) కావచ్చు. ఎవరికి? స్లైడు చూసి చెప్పగలరా? గ్రేడు (కణాలు మామూలు రూపు నుంచి ఎంత మారాయో) చూస్తాం, నెక్రోసిస్ (చచ్చిన కణాలు) చూస్తాం, ఎంత మేర వ్యాపించిందో చూస్తాం, వయసు చూస్తాం. ఇన్ని చూసినా ఫలానా మనిషి విషయంలో గట్టిగా చెప్పలేం. అందుకే దాదాపు అందరికీ ఆపరేషన్ చేస్తున్నాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. నాళం దాటించే మ్యుటేషన్ ఒకటి ఉంటుందని క్యాన్సర్ కణంలో చాలా ఏళ్లు వెతికాం. జవాబులో పెద్ద భాగం అక్కడ లేదు. నాళం గోడలో ఉంది, గోడ అవతలి కణజాలంలో ఉంది.

నాళాన్ని అడ్డంగా కోసి చూస్తే రెండు వరసల కణాలు ఉంటాయి. లోపలి వరస ల్యూమినల్ కణాలు. బయటి వరస మయోఎపిథీలియల్ కణాలు. బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఆక్సిటోసిన్ తగలగానే ముడుచుకుని పాలను ముందుకు నెట్టేవి ఈ బయటి వరస కణాలే. వాటిని ఆనుకుని బేస్‌మెంట్ మెంబ్రేన్ ఉంటుంది. లామినిన్, నాలుగో రకం కొలాజెన్ కలిసి అల్లుకున్న పల్చటి పొర అది. దాని అవతల స్ట్రోమా: కొలాజెన్ తయారుచేసే ఫైబ్రోబ్లాస్ట్‌లు, కొలాజెన్ పోగులు, రక్తనాళాలు, లింఫ్ నాళాలు, రోగనిరోధక కణాలు. ల్యూమినల్ వరస క్యాన్సర్‌గా మారి నాళంలోని ఖాళీని నింపేస్తే డీసీఐఎస్. ఒక్కచోట గండి పడి కణాలు స్ట్రోమాలోకి వచ్చాయా, ఇక అది ఇన్వేసివ్. వచ్చింది 1 మిల్లీమీటరు మించకపోతే మైక్రోఇన్వేషన్ అంటాం.

కృష్ణా డెల్టా వైపు పిల్లలు ఎవరైనా ఉన్నారా? కాలువ గట్టుకు గండి పడితే అందరూ నీటి ఉరవడినే తిట్టుకుంటారు. కాలువ కాపలా చూసే లస్కరు మాత్రం గట్టు మీద నడుచుకుంటూ వెళ్లి ఎలక బొరియలు ఉన్నాయా, అవతల పక్క ఎవరైనా మట్టి తవ్వుకుపోయారా అని చూస్తాడు. మన పరిశోధన చాలాకాలం నీటినే చూసింది. లస్కరు చూపు ఈ 20 ఏళ్లలో వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. నాళం లోపల రక్తనాళాలు ఉండవు, లింఫ్ నాళాలూ ఉండవు. దాని వల్ల రెండు జరుగుతాయి. ఒకటి, డీసీఐఎస్‌గా ఉన్నంతకాలం ఆ కణాలు ఒంట్లో ఇంకోచోటికి పోయే దారి లేదు. రెండోది, ఆక్సిజన్ బయటి నుంచి గోడ దాటి ఇంకుతూ రావాలి. అలా ఎంత దూరం వస్తుంది? 100 నుంచి 200 మైక్రాన్లు. నాళం ఉబ్బి అంతకంటే మందమైతే మధ్యలో కణాలు చచ్చిపోతాయి. అదే కామెడో నెక్రోసిస్. ఆ చచ్చిన కణాల మీద కాల్షియం ఫాస్ఫేట్ పేరుకుంటుంది. మామోగ్రాంలో తెల్లగా మెరిసే చుక్కలు అవే. అంటే రేడియాలజిస్టు చూస్తున్నది బతికున్న క్యాన్సర్‌ను కాదు, అందులో చచ్చిపోయిన భాగాన్ని.

మరి బతికున్నవాటి సంగతి? చనిపోయిన మధ్యభాగానికి పక్కనే ఉన్న కణాలకు ఆక్సిజన్ చాలదు. ఆక్సిజన్ తగ్గితే మేలుకునే హిఫ్-1 ప్రోటీన్ పనిచేయడం మొదలవుతుంది, గ్లూకోజ్ లాక్కునే గ్లూట్1 పెరుగుతుంది, ఆమ్లాన్ని తట్టుకోవడానికి కార్బోనిక్ అన్‌హైడ్రేజ్-9 పెరుగుతుంది. ఆకలిని, ఆమ్లాన్ని తట్టుకునే కణాలు నాళం లోపలే ఏరబడుతున్నాయన్నమాట. అలాగని నెక్రోసిస్ ఉన్నవన్నీ దాటుతాయా? దాటవు. అదే చిక్కు.

గోడ దగ్గరికి వద్దాం. మయోఎపిథీలియల్ కణాలు బేస్‌మెంట్ మెంబ్రేన్‌కు కావలసిన లామినిన్‌ను తయారుచేస్తాయి, ప్రోటీన్లను కోసే ఎంజైములను అడ్డుకునే మాస్పిన్ లాంటివీ తయారుచేస్తాయి. 2004లో బోస్టన్‌లోని డానా-ఫార్బర్‌లో కార్నీలియా పోల్యాక్ బృందం మామూలు రొమ్ము, డీసీఐఎస్, ఇన్వేసివ్ కణజాలాలను తీసుకుని, ఒక్కో రకం కణాన్ని విడదీసి చూసింది. జన్యువుల పనితీరు అన్ని రకాల కణాల్లోనూ మారింది. మయోఎపిథీలియల్ కణాల్లో సీఎక్స్‌సీఎల్14, మయోఫైబ్రోబ్లాస్ట్‌లలో (చురుకెక్కిన ఫైబ్రోబ్లాస్ట్‌లు) సీఎక్స్‌సీఎల్12 అనే సంకేత ప్రోటీన్లు పెరిగాయి. కానీ డీఎన్ఏలో మార్పులు క్యాన్సర్ ఎపిథీలియల్ కణాల్లో తప్ప వేరేచోట కనబడలేదు. మళ్లీ చెబుతున్నాను. డీఎన్ఏ చెక్కుచెదరని కణాలు కూడా తీరు మార్చుకున్నాయి.

2008లో అదే బృందం ఇంకో ప్రయోగం చేసింది. ఎంసీఎఫ్10డీసీఐఎస్ అనే కణాలను ఎలుకలో పెట్టారు. మామూలు మయోఎపిథీలియల్ కణాలు కలిపి పెడితే అది డీసీఐఎస్‌గానే ఉండిపోయింది. ఫైబ్రోబ్లాస్ట్‌లు కలిపితే ఇన్వేసివ్ అయింది. క్యాన్సర్ కణం ఒకటే, పొరుగు మారింది. బయోటెక్నాలజీ పిల్లలు ఒకటి రాసుకోండి: ఈ కణాలు ఎంసీఎఫ్10ఏ అనే లైనులో (ల్యాబులో పెంచే కణాల వంశం) హెచ్‌రాస్ అనే క్యాన్సర్ జన్యువు చొప్పించి తయారుచేసిన వంశంలోవి. మనుషుల రొమ్ము క్యాన్సర్లలో హెచ్‌రాస్ మ్యుటేషన్ అరుదు. ఈ ఒక్క లైనులో చూసినదాన్ని పట్టుకుని మొత్తం డీసీఐఎస్‌కు అంటగట్టకండి.

తర్వాత జాన్స్ హాప్కిన్స్‌లో ఆండ్రూ ఎవాల్డ్ బృందం. కణాలు గోడ దాటేది ఒంటరిగానా, గుంపుగానా? వీళ్లు 2013లో చూపించింది గుంపుగా అని. గుంపుకు ముందు నడిచే కణాల్లో కెరాటిన్-14 ఉంటుంది, పీ63 ఉంటుంది. మామూలుగా ఇవి బయటి వరస గుర్తులు. ఆ రెండింటిలో ఏదో ఒకదాన్ని తగ్గిస్తే గుంపు ఆగిపోయింది. 2018లో ఇంకా విచిత్రం చూపించారు. ట్విస్ట్1 జన్యువు పనిచేయించి ల్యూమినల్ కణాలను బయటికి పంపిస్తే, దాటిపోతున్న కణాన్ని మయోఎపిథీలియల్ కణాలు పట్టుకుని వెనక్కి లాగేశాయి. టైమ్‌ల్యాప్స్ వీడియోలో చూసిన సంగతి ఇది. గోడ ఊరికే అడ్డంగా నిలబడి ఉండటం లేదు, పని చేస్తోంది.

గండి ఎలా పడుతుంది అంటారా? కణం అంచున ఎంఎంపీ14 అనే ఎంజైము కణం సొంత పొరకే అతుక్కుని ఉండి ఎదురుగా ఉన్న కొలాజెన్‌ను కోస్తుంది. బయట ఫైబ్రోబ్లాస్ట్‌లు లైసైల్ ఆక్సిడేజ్‌తో కొలాజెన్ పోగులను ఒకదానికొకటి బిగించి, స్ట్రోమాను గట్టిపరుస్తాయి. మామూలుగా నాళం చుట్టూ చుట్టుకుని ఉండే పోగులు నాళానికి నిలువుగా తిరిగితే కణాలు వాటి వెంబడే బయటికి పాకుతాయి. ఇంతవరకూ విన్నవాళ్లకు ఏమనిపిస్తుంది? గోడ సన్నబడిన డీసీఐఎస్ ప్రమాదం, గోడ నిండుగా ఉన్నది నయం. అంతేనా?

అక్కడే ఆగండి.

2022లో స్టాన్‌ఫర్డ్ నుంచి మైకేల్ యాంజెలో బృందం పని వచ్చింది. యాంటీబాడీలకు రంగు బదులు లోహాలు తగిలించి, అయాన్ పుంజంతో స్లైడును గీకుతూ చదివే పద్ధతి వాళ్లది. ఒకే కోతలో 37 ప్రోటీన్లు చూడొచ్చు. డీసీఐఎస్ వచ్చి తర్వాత ఇన్వేసివ్ వచ్చినవాళ్ల మొదటి బ్లాకులను (కణజాలాన్ని మైనంలో దాచిన దిమ్మలు), రానివాళ్ల బ్లాకులను పక్కపక్కన పెట్టి చూశారు. మయోఎపిథీలియల్ వరస ఎవరిలో ఎక్కువ చెదిరింది? తర్వాత ఇన్వేసివ్ రానివాళ్లలో! పల్చగా, తెగితెగి ఉన్న వరస వాళ్లదే. మనం అనుకున్నదానికి తలకిందులు.

ఇదెలా? వరస చెదరడం ఒకరకంగా రక్షణ కావచ్చునన్నది ఆ రచయితల సూచన. గోడ పల్చబడ్డప్పుడు బయటి రోగనిరోధక కణాలకు లోపల ఏముందో తెలిసే అవకాశం వస్తుందేమో. ఇది సూచనే, రుజువు కాదు. 79 శాంపిల్స్ మీద చేసిన పని, ఇంకా పెద్ద గుంపుల్లో నిలబడాలి. కానీ దీన్ని తీసిపారేయకండి. ఎందుకంటే రోగనిరోధక వైపు నుంచి కూడా ఇలాంటి మాటే వచ్చింది. పోల్యాక్ బృందం 2017లో చూస్తే, డీసీఐఎస్ చుట్టూ గ్రాంజైమ్-బి (కణాలను చంపే ఎంజైము) ఉన్న చురుకైన సీడీ8 టీ కణాలు (క్యాన్సర్ కణాలను చంపగల రోగనిరోధక కణాలు) ఎక్కువ, ఇన్వేసివ్ అయ్యాక తక్కువ. ట్రిపుల్ నెగటివ్ వాటిలో (మూడు ముఖ్య రిసెప్టర్లూ లేనివి) టీ కణాలను ఆపే పీడీ-ఎల్1 జన్యువు ఉన్న భాగం కొన్ని ఇన్వేసివ్ గడ్డల్లో ఎక్కువ ప్రతులుగా పెరిగింది. దాటే సమయంలో కాపలా కూడా మారుతోంది.

డీఎన్ఏ ఏం చెప్పింది

ఇప్పుడు మ్యుటేషన్ల సంగతి. ఎండీ ఆండర్సన్‌లో నికొలస్ నావిన్ బృందం 2018లో చేసిన పని మీరంతా చదవాలి. కోతలో ప్రతి కణం ఎక్కడుందో దాని అక్షాంకాలు రాసుకుని, లేజరుతో ఒక్కో కణాన్ని కోసి తీసి, విడివిడిగా సీక్వెన్స్ చేశారు. 10 మంది రోగులు, 1,293 కణాలు. నాళంలో ఉన్న కణాలకూ, బయటికి వచ్చిన కణాలకూ తేడా ఎంత? చాలా తక్కువ. క్రోమోజోముల్లో మార్పులు, మ్యుటేషన్లు దాదాపు అన్నీ నాళం లోపల ఉన్నప్పుడే వచ్చేశాయి. పైగా ఒక్క వంశం కాదు, ఒకటికి మించిన క్లోన్లు కలిసి దాటాయి. ఏదో ఒక్క కణానికి ఏదో ఒక్క మ్యుటేషన్ వచ్చి గోడ బద్దలుకొట్టిందన్న ఊహకు ఇది పెద్ద దెబ్బ.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది, పాథాలజీ వాళ్లు ఈపాటికే పట్టుకుని ఉంటారు. ఈ శాంపిల్స్‌లో డీసీఐఎస్, ఇన్వేసివ్ పక్కపక్కన ఉన్నాయి. పక్కన ఉన్న డీసీఐఎస్, ఇన్వేసివ్‌కు ముందున్న డీసీఐఎస్ అని ఎవరు చెప్పారు? బయటికి వచ్చిన క్యాన్సర్ మళ్లీ వేరే నాళంలోకి దూరొచ్చు. మైక్రోస్కోపులో అది అచ్చం డీసీఐఎస్ లాగే ఉంటుంది. కాబట్టి పక్కనున్నదాని మీద చేసిన పనినీ, ఏళ్ల ముందు తీసిన ఒట్టి డీసీఐఎస్ మీద చేసిన పనినీ కలిపేయకూడదు. పేపరు చదివేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే.

రెండోదానికి మంచి ఉదాహరణ 2022లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చింది. డీసీఐఎస్‌కు వైద్యం అయ్యాక అదే రొమ్ములో ఇన్వేసివ్ వచ్చినవాళ్ల రెండు గడ్డల డీఎన్ఏను పోల్చారు. 75% మందిలో రెండూ ఒకే వంశం. 18% మందిలో అసలు సంబంధమే లేదు! కొత్తగా పుట్టిన వేరే క్యాన్సర్. మిగతావి ఎటూ తేలలేదు. దీని అర్థం ఏమిటో చూడండి. ముందే కనిపెట్టే టెస్టు ఒకటి తయారుచేయాలని మీరు కూర్చున్నారు. తర్వాత ఇన్వేసివ్ వచ్చినవాళ్లందరినీ 'ముదిరినవి' అని రాసుకున్నారు. వాటిలో దాదాపు ఐదింట ఒకటి తప్పు లేబుల్. ఆ డీసీఐఎస్ ముదరనే లేదు. అలాంటి డేటాతో ఎంత గొప్ప అల్గారిథం నడిపినా ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది.

కణాన్ని పెరగమని తరిమే హెర్2 ప్రోటీన్ ఇంకో చిక్కుముడి. ఇన్వేసివ్ క్యాన్సర్లలో హెర్2 పాజిటివ్ 15 నుంచి 20%. డీసీఐఎస్‌లో దాదాపు మూడో వంతు. గోడ దాటించేది హెర్2 అయితే ఈ అంకెలు తిరగబడి ఉండాలి కదా? ఎన్ఎస్ఏబీపీ బీ-43 ట్రయల్‌లో హెర్2 పాజిటివ్ డీసీఐఎస్ ఉన్న 2,014 మందిని తీసుకుని రేడియేషన్‌తో పాటు హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ రెండు డోసులు ఇచ్చి చూశారు. అదే రొమ్ములో మళ్లీ రావడం తగ్గింది, కానీ 19% మాత్రమే. వాళ్లు ఆశించింది 36%. గణాంకపరంగా ఆ తేడా నిలబడలేదు.

ల్యాబులో ఎక్కడ పోతుంది

ఇది చెప్పకపోతే పైన చెప్పినదంతా గాల్లో మాటలే. డీసీఐఎస్ చాలావరకు చేతికి తగలదు, కంటికి కనబడదు. సర్జన్ ఇచ్చిన ముక్కలో ఫలానా చోట ఉందని చెప్పి తాజాగా ఒక చెక్క కోసి ఫ్రీజర్‌లో దాచలేం. దాచకూడదు కూడా. ఆ చెక్కలోనే ఇన్వేసివ్ చుక్క ఉంటే రోగికి తప్పు రిపోర్టు ఇచ్చినట్టు. అందుకే మొత్తం బ్లాకుల్లోకే వెళుతుంది, పరిశోధనకు దొరికేది ఫార్మలిన్‌లో నానిన పారఫిన్ బ్లాకే. కాబట్టి ఫార్మలిన్ దగ్గర చేసిన పొరపాటు చివరిదాకా వస్తుంది.

శరీరం నుంచి తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. 10% న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్, ముక్క పరిమాణానికి పదింతలు. 6 గంటలకు తగ్గకూడదు, 72 గంటలకు మించకూడదు. శనివారం సాయంత్రం ఆపరేషన్ అయిన ముక్కను కోయకుండా అలాగే సీసాలో పడేసి సోమవారం చూస్తే ఏమవుతుంది? రొమ్ములో కొవ్వు ఎక్కువ, ఫార్మలిన్ నెమ్మదిగా ఇంకుతుంది. బయట గట్టిపడుతుంది, లోపల కుళ్లుతుంది. అంచులకు ఇంకు పూసి, 5 మిల్లీమీటర్ల చెక్కలుగా కోసి, మధ్యలో గుడ్డ పెట్టి ముంచండి. సున్నపు చుక్కలు ఏ చెక్కలో ఉన్నాయో ఎక్స్‌రే తీసి గుర్తుపెట్టుకోండి.

డీఎన్ఏ లెక్క చేతివేళ్ల మీద చేయొచ్చు. ఒక మామూలు కణంలో 6.6 పైకోగ్రాములు. 20 నానోగ్రాములు కావాలంటే 3,000 కణాలు. కానీ 8 మైక్రాన్ల కోతలో కేంద్రకాలు సగం సగం తెగి ఉంటాయి, ఫార్మలిన్ కొంత పాడుచేసి ఉంటుంది. రెట్టింపు తీసుకోండి, 6,000 పైనే. లేజరుతో కోసేటప్పుడు నాళం గోడకు ఆనుకుని కోస్తే స్ట్రోమా కణాలు కలిసి వస్తాయి, మ్యుటేషన్ల శాతం పడిపోతుంది. కొంచెం లోపలికి కోయండి. నెక్రోసిస్ ఉన్న మధ్యభాగం వదిలేయండి, అందులో డీఎన్ఏ చిన్నాభిన్నమై ఉంటుంది. ఫార్మలిన్ వల్ల సైటోసిన్ యురాసిల్‌గా మారుతుంది. సీక్వెన్సర్ దాన్ని సీ నుంచి టీకి మారిన మ్యుటేషన్‌గా చదువుతుంది. తక్కువ శాతంలో సీ-టీ మార్పులు గుట్టలుగా కనబడితే సంతోషపడకండి, లైబ్రరీకి (డీఎన్ఏను సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేసే దశకు) ముందు, యురాసిల్‌ను తీసేసే యూడీజీ ఎంజైము వేసి మళ్లీ చేయండి. ఆర్ఎన్ఏకైతే డీవీ200 చూడండి. 200 న్యూక్లియోటైడ్లకు పైనున్న ముక్కలు 30% కూడా లేకపోతే ఆ శాంపిల్‌తో కుస్తీ పట్టడం అనవసరం.

ఇక స్టెయిన్లు, అంటే ఫలానా ప్రోటీన్ ఉన్నచోట రంగు పట్టించడం. మయోఎపిథీలియల్ వరస ఉందా లేదా అని ఒక్క మార్కరుతో తేల్చకండి. పీ63 కేంద్రకంలో పడుతుంది కాబట్టి వరస నిండుగా ఉన్నా చుక్కచుక్కగా, మధ్యలో ఖాళీలతో కనబడుతుంది. ఆ ఖాళీని గండి అనుకుంటారు కొత్తవాళ్లు. స్మూత్ మజిల్ యాక్టిన్ అయితే స్ట్రోమాలోని మయోఫైబ్రోబ్లాస్ట్‌లకూ పడుతుంది, గండి ఉన్నా లేనట్టుంటుంది. పీ63తో పాటు స్మూత్ మజిల్ మయోసిన్ హెవీ చైన్ గానీ, కాల్పొనిన్ గానీ కలిపి చూడండి. నాళం వంపు తిరిగినచోట ఏటవాలుగా తెగితే నాళం పక్కన కణాల గుంపు విడిగా ఉన్నట్టు కనబడుతుంది, ఇన్వేసివ్ అనిపిస్తుంది. ఇంకా లోతుకు కోస్తే నాళంలో కలిసిపోతుంది. సూది వెళ్లిన దారిలో రక్తం, మచ్చ కణజాలం మధ్య నాలుగు కణాలు కనబడినా అంతే, సూది మోసుకొచ్చి ఉండొచ్చు.

బయోటెక్నాలజీ పిల్లలకు ఎలుకల మాట ఒక్కటి. క్యాన్సర్ కణాలను చర్మం కింద పొడిచి ఇన్వేజన్ చదువుతున్నాం అంటే నవ్వొస్తుంది. అక్కడ దాటడానికి నాళమేది? చనుమొన గుండా నాళంలోకే ఎక్కించే పద్ధతి 2009 నుంచి ఉంది, మైండ్ మోడల్ అంటారు. రోగుల నుంచి నేరుగా తీసిన డీసీఐఎస్ కణాలను అలా ఎక్కించి నెదర్లాండ్స్ వాళ్లు పెద్ద బ్యాంకే తయారుచేశారు. దాదాపు సగం దాటాయి, మిగతా సగం నాళంలోనే ఉండిపోయాయి. మన ఇద్దరు ఆడవాళ్ల ప్రశ్న అడగడానికి పనికొచ్చే మోడల్ అది.

రోగికి దీంతో ఏమిటి అంటే, 2015లో అమెరికాలో లక్షకు పైగా డీసీఐఎస్ రోగుల రికార్డులు చూస్తే 20 ఏళ్లలో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు 3.3%. రేడియేషన్ ఇస్తే అదే రొమ్ములో మళ్లీ రావడం సుమారు సగానికి తగ్గుతుంది, మరణాల్లో మాత్రం తేడా కనబడలేదు. ఆపరేషన్ వాయిదా వేసి గమనిస్తూ ఉండొచ్చా అని కామెట్ ట్రయల్ అడిగింది. 2024 డిసెంబరులో ఫలితం వచ్చింది: 957 మంది, తక్కువ లేక మధ్యస్థ గ్రేడు, హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్, హెర్2 నెగటివ్. రెండేళ్లలో ఇన్వేసివ్ వచ్చింది మామూలు వైద్యం గుంపులో 5.9%, గమనించిన గుంపులో 4.2%. గమనించడం అధ్వానం కాదని తేలింది. కానీ రెండేళ్లు చాలా తక్కువ సమయం. రెండు గుంపుల్లోనూ చాలామంది హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలు వాడారు. ఇది చూసి హైగ్రేడు డీసీఐఎస్‌ను గమనిద్దాం అనకండి, వాళ్లు ఆ ట్రయల్‌లోనే లేరు. సూది బయాప్సీలో డీసీఐఎస్ అన్నవాటిలో సుమారు నాలుగింట ఒకటి ఆపరేషన్ తర్వాత ఇన్వేసివ్‌గా బయటపడుతుందన్న సంగతీ గుర్తుండాలి.

మన దగ్గర సంగతి వేరు. దేశవ్యాప్తంగా మామోగ్రాం స్క్రీనింగ్ లేదు. ప్రభుత్వ కార్యక్రమంలో 30 ఏళ్లు దాటినవాళ్లకు చేత్తో చేసే పరీక్షే. చేతికి తగలని డీసీఐఎస్ అందులో దొరకదు. అందుకే మన పాథాలజీ రిజిస్టర్లలో ఒట్టి డీసీఐఎస్ కొద్దిగానే ఉంటుంది. ఇప్పుడు నగరాల్లో హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో మామోగ్రాం పెరిగింది, కేసులు వస్తున్నాయి. ఈ బ్లాకులు 10, 15 ఏళ్ల తర్వాత బంగారం. పాథాలజీ వాళ్లకు నా విన్నపం: డీసీఐఎస్ బ్లాకులను మామూలు గడువు అయిపోగానే పారేసే జాబితాలో కలపకండి. గ్రేడు, నెక్రోసిస్, విస్తీర్ణం మిల్లీమీటర్లలో, అంచు దూరం, ఎన్ని గంటలు ఫార్మలిన్‌లో ఉందో రిపోర్టులోనే రాయండి. ఆ ఫార్మలిన్ గంటలు ఎవరూ రాయరు, తర్వాత ఎవరికీ తెలియవు.

సమయం దాటిపోయింది. ప్రశ్నలు అడగండి, వెనక వరసల నుంచి మొదలుపెడదాం.